కొండ దారిలో ఒక్క రోజు: విజయనగరం నుంచి అరకుకు అద్దె కారు

ప్రయాణ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంట్. సంక్రాంతి తరువాత మా వియ్యాలవారు నెల్లూరు నుంచి వచ్చి మూడు రోజులు మా ఇంట్లో ఉంటారు. వారికి ఒక రోజు అరకు చూపించాలని మా దంపతుల కోరిక. మొత్తం ఆరుగురం, అందరం అరవై దాటినవాళ్లమే. మా కోసమే ఒక బండి మాట్లాడుకుంటే ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలమా? డ్రైవర్లు తలొక జాబితా చెబుతున్నారు, ఒకాయన పన్నెండు చోట్లు చూపిస్తానంటున్నారు. ఏవి చూడాలి, ఏవి వదలాలి? బండి మాట్లాడేటప్పుడు ఏమేమి అడగాలి? ఊళ్లో కోట కూడా అదే రోజు చూపించవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, నిక్షేపంగా వెళ్లి రావచ్చు. విజయనగరం నుంచి అరకు వంద కిలోమీటర్లలోపే ఉంటుంది. గంట్యాడ మీదుగా వెళ్లి బొడ్డవర దగ్గర ఘాట్ దారి అందుకుంటే, విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా వచ్చేవారికంటే మీకే ప్రయాణం కొంత తక్కువ. ఇది రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వచ్చే 516ఈ జాతీయ రహదారి. అయితే దూరం చూసి కాలం లెక్క వేసుకోకూడదు. బొడ్డవర వరకు బండి చకచకా సాగుతుంది. అక్కడి నుంచి మలుపు మీద మలుపు కనుక, మధ్యలో ఆగకపోయినా అరకు చేరడానికి మొత్తం మీద మూడు గంటలు వేసుకోవాలి. రానూ పోనూ ఆరు గంటలు దారికే పోతాయి. సంక్రాంతి రోజుల్లో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. చీకటి పడేసరికి ఘాట్ దిగిపోయి ఉండాలన్నది ఈ ప్రయాణానికి నేను పెట్టే మొదటి నియమం. ఆ లెక్కన కొండ మీద మీ చేతిలో ఉండేది అయిదు గంటలు, మహా అయితే అయిదున్నర.

అయిదు గంటల్లో పన్నెండు చోట్లు చూడటమంటే పన్నెండు సార్లు బండి దిగి ఎక్కడమే, చూసింది ఒక్కటీ మనసున నిలవదు. సొంతంగా బండి మాట్లాడుకోవడంలో ఉన్న అసలు లాభం ఎక్కువ చోట్లకు వెళ్లగలగడం అని చాలామంది అనుకుంటారు. నచ్చిన చోట ఎవరి తొందరా లేకుండా మరో అరగంట కూర్చోగలగడమే దాని లాభమని నా అభిప్రాయం. ఆ అరగంట ఎక్కడ కావాలో ఎక్కక ముందు ఎవరికీ తెలియదు కాబట్టి, ముందుగా కాస్త ఖాళీ ఉంచుకోవాలి. అందువల్ల మీకు రెండే పెద్ద మజిలీలు చెబుతాను: బొర్రా గుహలు, కాఫీ తోటలు. మధ్యాహ్న భోజనం, గిరిజన మ్యూజియం అరకులో. మిగిలినది దారి. తైడా, డముకు, అనంతగిరి, గాలికొండ వరకు ఎక్కే ఆ దారి ఏ మజిలీకీ తీసిపోదు.

ఉదయం ఆరున్నరకు బయలుదేరండి. బొర్రా గుహలు సాధారణంగా పది గంటలకు తెరుస్తారు, మధ్యాహ్నం ఒంటిగంటకు భోజన విరామం ఉంటుంది. తెరిచే వేళకు గుమ్మం దగ్గర ఉండేలా చూసుకుంటే జనం తక్కువగా ఉండగానే చూసి రావచ్చు. కొందరు డ్రైవర్లు ముందు అరకు వెళ్లిపోయి, తిరుగు ప్రయాణంలో గుహలు చూపిస్తామంటారు. మీ వయసువారికి ఆ వరుస తగదు. గుహలోకి దిగే మెట్లు చాలా ఉన్నాయి, కొన్ని చోట్ల నీటి చెమ్మతో జారుతాయి, దిగినన్ని మెట్లూ మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు అలసిన సాయంత్రం పూట కంటే పొద్దున్నే ఆ పని ముగించడం మేలు. పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు వేసుకోండి. గుమ్మం దగ్గర కోతులు ఎక్కువ కనుక తినుబండారాల సంచి బండిలోనే వదలండి. దిగలేనివారు మొదటి పెద్ద గది చూసి వెనక్కి వచ్చినా లోపం లేదు. గుహ ఎంత పెద్దదో అక్కడే తెలుస్తుంది.

లోపల రంగు దీపాల మీదనే అందరి చూపూ ఉంటుంది. మీరు మాత్రం ఒక చోట నిలబడి, పైకప్పు నుంచి వేలాడే సున్నపురాతి కొన మీద దృష్టి పెట్టండి. కొన చివర నీటి బొట్టు మెల్లగా ఊరుతుంది, కాసేపు వణుకుతూ వేలాడుతుంది, కింద ఉన్న రాతి మొటిమ మీద రాలుతుంది. కొండ మీద పడిన వాన నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడి, సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నంలో ఇసుమంత అక్కడే మిగిలిపోతుంది. పైనుంచి వేలాడే రాయీ, కింద నుంచి లేచే రాయీ అలా పెరిగినవే. శివలింగాలుగా పూజలందుకునేవీ వాటిలో ఉన్నాయి. ఈ గుహల గుండా పారే గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టింది, ఆవు పొదుగు పేరు పెట్టుకున్న ఏరు. మీరు పొద్దున దాటి వచ్చిన గంట్యాడ మండలంలోని తాటిపూడి జలాశయం ఆ నది మీద కట్టినదే. ఆ నీరు విశాఖ నగరానికి తాగునీరుగా వెళుతుంది. నది చివరకు భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఈ సంగతి దారిలో వియ్యాలవారికి చెప్పి తీసుకెళ్లండి, గుహలో నీటి చప్పుడు వారికి వేరుగా వినిపిస్తుంది.

బొర్రా నుంచి ప్రధాన రహదారికి వచ్చి పైకి సాగితే అనంతగిరి, ఆ తరువాత గాలికొండ. ఇక్కడ చలిగాలి ఉంటుంది, శాలువాలు చేతికి అందేలా పెట్టుకోండి. కాఫీ తోటలో కనీసం ముప్పావు గంట నడవండి. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని ఎక్కిన మిరియపు తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు: మూడు అంతస్తుల పంట అది. జనవరిలో కోత ఇంకా సాగుతూ ఉంటుంది కనుక, తోటవారిని అడిగి ఒక ఎర్రటి పండు తీసుకుని వేళ్లతో నొక్కండి. జిగురు జిగురుగా రెండు గింజలు చదును ముఖాలు ఎదురెదురుగా పెట్టుకుని బయటికి జారతాయి. ఆ జిగురు నాలుకకు తియ్యగా ఉంటుంది, కాఫీ వాసన మాత్రం రవ్వంతయినా ఉండదు. వాసన అంతా ఎండబెట్టి, పొట్టు తీసి, వేయించిన తరువాత వచ్చేదే. అడగకుండా మాత్రం కోయవద్దు, అది ఒక గిరిజన కుటుంబపు ఏడాది కష్టం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నీడనిచ్చే చెట్లు కూలి ఈ తోటలు ఎంతో దెబ్బతిన్నాయి. నీడ చెట్టు ఒక్క వానకు ఎదిగేది కాదు. ఆ తరువాత 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. రోడ్డు పక్క విడిగా అమ్మే పొడిలో చికోరీ ఎంత కలిసిందో చూసి చెప్పడం కష్టం.

అరకులో భోజనానికి బొంగులో చికెన్ తినాలని అందరూ అంటారు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకులు దోపి, నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. మాంసం వెదురు చెమ్మతోనే ఉడుకుతుంది, అందుకు ముప్పావు గంట వరకు పడుతుంది. ఎదుట పెట్టి అప్పుడే కాల్చిస్తామన్న చోట ముందుగా చెప్పి, ఈలోగా గిరిజన మ్యూజియం చూసి వస్తే కాలం కలిసి వస్తుంది. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసినది. పిల్లలు వెంట ఉంటే వెళ్లమనేవాడిని, మీకు అవసరం లేదు. చాపరాయి అరకు దాటి పాడేరు దారిలో ఉంది, కటికి జలపాతానికి స్థానిక జీపు ఎక్కి, ఆ పైన నడవాలి. రెండూ వదిలేయండి. వంజంగి మేఘాల కోసం అయితే తెల్లవారకముందే పాడేరు వైపు కొండ మీద ఉండాలి కాబట్టి, విజయనగరం నుంచి పొద్దున బయలుదేరి చూపిస్తానన్న డ్రైవరు మాట నమ్మవద్దు. మూడుంబావుకల్లా అరకు విడిచిపెడితే వెలుతురు ఉండగానే బొడ్డవర దిగుతారు.

ఇక బండి సంగతి. పసుపు రంగు నంబరు ప్లేటు ఉన్నదే మాట్లాడుకోండి. తెల్ల ప్లేటు సొంత కార్లను కొందరు తక్కువకు తిప్పుతుంటారు. అద్దెకు తిప్పకూడని బండిలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారానికి అడ్డం చెప్పే అవకాశం ఉంది, ఘాట్ దారికి అటువంటి బండి అసలే తగదు. ఏడు సీట్ల కారులో డ్రైవరు పోను ఆరుగురు సరిపోతారు గాని, వెనక వరుసలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసినవారు ఇద్దరుంటారు, మలుపుల్లో ఎక్కువగా ఊగేదీ ఆ వరుసే. ఖర్చుకు వెనుకాడకపోతే పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ తీసుకోండి. వియ్యాలవారిని వెనక కుక్కామన్న మాట ఉండదు.

బేరంలో ‘రోజుకు ఇంత’ అన్న ఒక్క మాటతో ఒప్పుకోవద్దు. ఆ మొత్తంలో ఎన్ని కిలోమీటర్లు కలిసి ఉన్నాయి, దాటితే కిలోమీటరుకు ఎంత, మీటరు లెక్క మీ గుమ్మం నుంచా వారి షెడ్డు నుంచా, డ్రైవరు బత్తా ఎంత, పార్కింగు, టోలు ఎవరివి, రాత్రి ఎన్ని గంటలు దాటితే అదనం – ఇవన్నీ అడిగి, ఒప్పుకున్నది ఫోనులో సందేశంగా పంపించమనండి. మాట తేడా వచ్చినప్పుడు ఆ సందేశమే సాక్ష్యం. ఆ డ్రైవరు ఘాట్ మీద ఎన్నాళ్లుగా నడుపుతున్నాడో అడగడం మొహమాటపడే విషయం కాదు. దిగేటప్పుడు ఇంధనం ఆదా అని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేవాడైతే వెంటనే వారించండి. ఎక్కిన గేరులోనే దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం. మీతోపాటు అతనికీ వేళకు భోజనం, అరగంట నడుము వాల్చే వీలు కల్పించండి. సాయంత్రం మీ ఆరుగురి ప్రాణాలూ అతని కంటి మీదనే ఉంటాయి.

కోటను ఆ రోజు పెట్టుకోవద్దు. 1713లో పునాది పడిన కోట, 1885 నాటి గంట స్తంభం, పైడితల్లి అమ్మవారి గుడి, గురజాడ అప్పారావు గారి ఇల్లు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో మొదలైన సంగీత కళాశాల – ఇవన్నీ ఒకదానికొకటి దగ్గరే. మరుసటి రోజు కాళ్లు తేరుకున్నాక, సాయంత్రం నాలుగింటికి బయలుదేరితే తీరుబడిగా చూపించవచ్చు. మీవంటి మాస్టారు వెంట ఉంటే ఊరి చరిత్రకు వేరే గైడు అక్కరలేదు.

ప్రశ్న: మేము శ్రీకాకుళంలో ఉంటాం. ఇద్దరు చిన్న పిల్లలు. ఆదివారం తెల్లవారుజామున కారు కట్టించుకుని అరకు వెళ్లి రాత్రికి వచ్చేయాలనుకుంటున్నాం. కుదురుతుందా?
– ఒక ఉద్యోగిని

సమాధానం: కుదరడం కుదురుతుంది గాని, అమ్మా, నేను చేయమని చెప్పను. శ్రీకాకుళం నుంచి విజయనగరానికే సుమారు 70 కిలోమీటర్లు. దాని మీద ఘాట్ దారి కలిస్తే పిల్లలు రోజులో పది గంటలు కారులోనే ఉంటారు, ఆదివారం కనుక బొర్రా దగ్గర జనమూ ఎక్కువ ఉంటుంది. శనివారం సాయంత్రం విజయనగరం వచ్చి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో పడుకుని, పైన చెప్పిన విధంగా ఉదయం బయలుదేరితే ఆ ప్రయాణమే హాయిగా ఉంటుంది.

ఒక్క రోజే వీలైతే అరకు పట్టుదల మాని పాలకొండ మీదుగా సీతంపేట వెళ్లండి. 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గాని, మీ ఊరికి దగ్గరి కొండలు అవే. ఆడలి కొండ మీది నుంచి లోయ చూడటం, మెట్టుగూడ జలపాతం, సవరల గ్రామాల నడుమ సాగే దారి – పిల్లలు అలసిపోకుండానే చీకటికి ముందు ఇల్లు చేరతారు. వానల్లో జలపాతం దగ్గర రాళ్లు నాచు పట్టి ఉంటాయి, పిల్లల చేయి వదలకండి. అనాస పండే కాలమైతే రోడ్డు పక్క గిరిజనులు గుట్టలుగా పోసి అమ్ముతారు. వారు చెప్పిన ధర దగ్గర బేరమాడకుండా కొనమని నా మనవి, దళారి వారికి ఇచ్చేది ఎప్పుడూ తక్కువే. మన్యం జిల్లాలో కొన్నేళ్లుగా అడవి ఏనుగులు తిరుగుతున్నాయి. బయలుదేరే ముందు పాలకొండలో అవి ఎటున్నాయో వాకబు చేయండి. ఏనుగులున్న వైపు చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోవద్దు.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మకు అరకు చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది, కాని ఆమెకు కారు పడదు, మలుపులు వస్తే వాంతులే. ఏ నెలలో వెళితే మంచిది? అక్కడ థింసా ఆడే స్త్రీలతో ఫొటోలు తీసుకోవచ్చా?
– ఒక గృహిణి

సమాధానం: అమ్మగారికి రైలు ఎక్కించండి. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజరు ఉదయం కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా బొర్రా, అరకు చేరుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో వేసిన మార్గం అది, సొరంగాల వెంట సొరంగాలుగా కొండను చుట్టి ఎక్కుతుంది. రైలు మలుపు కారు మలుపంత కరుకుగా ఉండదు. మీరు బొబ్బిలి నుంచి మాట్లాడుకున్న కారులో శృంగవరపుకోట వరకు వచ్చి, ఆమెతో ఒకరు రైలెక్కి, తక్కినవారు కారులో పైకి వచ్చి బొర్రా గుహలు స్టేషనులో కలుసుకోవచ్చు. రైలు వేళ ముందు రోజు సరిచూసుకోండి, ఆలస్యమైనా కంగారు పడకుండా ఉండేలా ఆ రోజుకు ఇతర పనులు తగ్గించుకోండి. దిగేటప్పుడు కారు తప్పదు కాబట్టి, ఆమెను డ్రైవరు పక్క సీటులో కూర్చోబెట్టి, దూరంగా దారి మీదనే చూడమనండి, ఫోను చూడనివ్వకండి. కడుపు ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా తిప్పుతుంది. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త మజ్జిగన్నం చాలు, బొంగులో చికెన్ ఆమెకు వద్దు. వాంతులు ఆపే మాత్రలు మగత కలిగిస్తాయి, బీపీ, షుగరు మందులు వాడేవారయితే డాక్టరును అడిగే ఇవ్వాలి.

నెల అంటే నవంబరు చివర, డిసెంబరు మొదట అని చెబుతాను. అప్పుడు వలిసెలు పూసి పొలాలు పసుపు పచ్చగా ఉంటాయి. ఆ పైన చలి ముదురుతుంది, పెద్దవారికి అది ఇబ్బంది, ఉదయం మంచు దట్టంగా ఉంటే ఘాట్ మీద దారీ కనపడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లు పడితే కాఫీ తోటలు మల్లెతోటల్లా తెల్లగా పూస్తాయి. జనం తక్కువగా ఉండే ఆ రోజులే నాకు మరీ ఇష్టం. భారీ వానలు కురిసే రోజుల్లో కొండచరియలు రోడ్డు మీదికీ, పట్టాల మీదికీ జారుతుంటాయి. వాతావరణ హెచ్చరిక ఉంటే ఎంత డబ్బు కట్టినా ప్రయాణం మానుకోండి.

థింసా ఆడేవారితో ఫొటో తీసుకోవచ్చు, అడిగి తీసుకోవాలి. ఒకరి వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని అడుగు కలిపే ఆ ఆట వారి పండుగలది, పెళ్లిళ్లది. పర్యాటకుల కోసం ఆడినప్పుడు దానికి డబ్బు తీసుకుంటారు, అది వారి కూలి. ఎంతో ముందే మాట్లాడి, ఆట చివర నవ్వుతూ ఇచ్చేయండి. గుమ్మంలో కూర్చున్న ముసలమ్మలనూ, నీళ్లు మోసుకెళ్లే ఆడపిల్లలనూ కారు ఆపి ఫొటోలు తీయడం మాత్రం చేయవద్దు. మన పెరట్లోకి ఎవరైనా అలా వస్తే మనం ఊరుకోము. ఆ కొండ వారిది. బయటివారి గనుల లీజులను ఎదిరిస్తూ ఈ బొర్రా, అనంతగిరి ప్రాంతపు గిరిజనుల పక్షాన నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశంలోని షెడ్యూల్డు ప్రాంతాలన్నింటికీ ఆధారమైంది. అలాగే, కొండ మీద స్థలం చవకగా ఇప్పిస్తామని దారిలో ఎవరైనా చెబితే వినకండి. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు అక్కడ భూమి బదలాయింపు చెల్లదు.

నీళ్ల సీసాలు ఇంటి నుంచే నింపుకుని వెళ్లి, ఖాళీవి మళ్లీ బండిలోనే వేసుకుని బొబ్బిలి తెచ్చేయండి. అమ్మగారికి ఒక ఉన్ని స్వెట్టరు, చెవులకు మఫ్లరు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, ఒక నిమ్మకాయ సీటు ముందు అరలో పెట్టండి.